ఎర్రమొగ్గ బ్లాగు

జూన్ 9

చీరల షోరూము వాళ్ళు ఇక రావద్దన్నారు. నేను అడిగింది ఒక కుర్చీ. చీరలు పరిచే బల్ల వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ, అవసరమైనప్పుడు ఎవర్నీ అడక్కుండా బాత్రూముకి వెళ్ళే వీలు. అంతే. ఫ్లోర్ మేనేజరు నా మొహం చూడకుండా పొట్ట చూస్తూ మాట్లాడాడు.

"నీ మంచికే చెప్తున్నాం రోసిలీ. బాగా కోలుకుని రా."

ఆపరేషనై ఏడాదిన్నర దాటింది. జబ్బున్న పేగుముక్క తీసేశారు, మిగిలిన పేగు చివర పొట్ట మీదికి తెచ్చి కుట్టారు, దానికి సంచి తగిలించారు. ఆ సంచితోనే రోజూ చీరలు పరిచాను, మడిచాను. ఇంకేం కోలుకోవాలి? నేను కోలుకునే ఉన్నాను. కోలుకోనిది వాళ్ళు.

ఏడవలేదు. వానలో తడుస్తూ స్టాండుదాకా నడిచి, ఒల్లూరు బస్సెక్కి వచ్చేశాను.

జూన్ 10

ఏడవలేదని నిన్న రాశాను. బస్సులో కొంచెం.

జూన్ 12

పెద్ద చేట్టన్, మా బావగారు, మేడెక్కి వచ్చాడు. పైకి 'వచ్చారు' అంటాను, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి 'వచ్చాడు' అనే రాస్తాను. ఇల్లు ఆయనది. కింద ఆయన కేటరింగు, పైన రెండు గదుల్లో మేము. నా మొగుడు డేవిసేట్టన్ తోడబుట్టిన అన్న వ్యానే నడుపుతారు, పెళ్ళిళ్ళకీ జ్ఞానస్నానాలకీ బిర్యానీ గుండిగలు మోస్తారు.

"పోనీలే. తిండికి లోటా? ఇంట్లో ఉండు," అన్నాడు లోనప్పన్ చేట్టన్. మెట్లు దిగబోతూ ఆగి, "వంటశాల వైపు మాత్రం ఎప్పట్లాగే రాకు. నేనేమనుకోను గానీ, తినేవాళ్ళు అనుకుంటారు," అన్నాడు.

ఆపరేషన్‌కి ముందు క్రిస్మస్‌కి అచ్చు ముంచి నూనెలో వేసే అచ్చప్పాలన్నీ నేనే వేసేదాన్ని. అప్పుడు నా చేతులు బాగానే ఉండేవి. చేతులకేమీ ఆపరేషన్ జరగలేదు.

సరే. నాకొక బ్లాగుంది. ఏడాదిగా రాస్తున్నాను, నా పేరు పెట్టకుండా. ఆసుపత్రిలో మొదటిసారి కట్టు విప్పినప్పుడు నేను కళ్ళు మూసుకుంటే నర్సు సిస్టర్ జాన్సి అక్కని పిలిచినట్టు పిలిచి, "చూడు చేచీ, ఎర్రగా గులాబిమొగ్గలా లేదూ?" అంది. అందుకే బ్లాగు పేరు ఎర్రమొగ్గ. బస్సులో సంచి నిండితే ఏం చేయాలి, పనసపండు తింటే ఏమవుతుంది, చర్చిలో అందరూ మౌనంగా ఉన్నప్పుడు పొట్ట కూస్తే ఎటు చూడాలి. ఇవే రాస్తాను. కాసరగోడు నుంచి కువైట్ దాకా చదువుతున్నారు. ఇంతమంది మన భాషలో సంచి కట్టుకుని తిరుగుతున్నారని నాకే తెలీదు.

దీంతోనే బతుకుతాను. ఏ పొట్ట వల్ల పని పోయిందో ఆ పొట్టే అన్నం పెట్టాలి.

జూన్ 15

వీడియోలు చూసి చూసి కళ్ళు మండుతున్నాయి. ప్లగిన్ అంటే ఇంత పెద్ద మాటలా చెబుతారు గానీ, బ్లాగుకి బయటినుంచి తగిలించే చిన్న పనిముట్టు. నా ఒంటికి సంచి, బ్లాగుకి ప్లగిన్. ఒకటి లోపలిది బయటికి తెస్తుంది, ఇంకొకటి బయటి డబ్బు లోపలికి తెస్తుంది. ప్రకటనలు వేసే ప్లగిన్ తగిలించాను. మొదటిసారి బ్లాగు మొత్తం తెల్లగా అయిపోయింది. రెండోసారికి నిలబడింది.

జూన్ 20

బస్సులో సంచి నిండితే అన్న టపా కింద బిర్యానీ ప్రకటన. సంచి మార్చడం గురించి రాసినదాని పక్కన బాత్రూము టైల్సు. ఇదొక్కటీ కాస్త కలిసింది.

మా అత్తగారు అమ్మచ్చి టీ తీసుకుని పైకొచ్చింది. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కడం ఆవిడకి కష్టమే, అయినా నేనేం చేస్తున్నానో చూడకపోతే ఇంకా కష్టం.

"పొద్దస్తమానం ఆ టకటకేంటే? దాంతో డబ్బులొస్తాయా?"

"వస్తున్నాయి అమ్మచ్చీ."

"ఎంత?"

"అర డాలరు."

"అంటే?"

"మీరు తెచ్చిన టీ ఖరీదు కంటే ఎక్కువ."

"టీ ఊరికే తెచ్చాను కదా. దానికి ఖరీదేంటి?" అని గ్లాసు పట్టుకుని దిగిపోయింది. సగం టీ ఇంకా అందులోనే ఉంది.

జూన్ 27

కొత్త ప్రకటన. క్యాన్సర్ని మూలంతో సహా పీకే వేరు, ఆపరేషన్ అక్కర్లేదు, మూడు సీసాలకి ఒకటి ఉచితం. పాలక్కాడు నుంచి ఒకాయన అడిగాడు, "చేచీ, మీరు వాడింది ఇదేనా? మా నాన్నకి వచ్చే వారం ఆపరేషన్. మానేసి ఇది పట్టిద్దామా?"

వెంటనే ఫోన్ నంబరు అడిగి మాట్లాడాను. "ఆపరేషన్ మానారంటే మీ ఇంటికొచ్చి తంతాను," అన్నాను. ఎవరో ఏమిటో తెలియని మనిషితో. ఆయన నవ్వి, తర్వాత ఏడ్చాడు.

మందుల ప్రకటనలన్నీ రాకుండా ఆపేశాను. వచ్చే డబ్బు సగానికి పడిపోయింది. బాధేం లేదు.

జూలై 3

ప్రకటనల మీద బతకలేం. ఇంకో ప్లగిన్ దొరికింది. మనం ఒక మాట చెబితే చాలు, బ్లాగులో ఆ మాట ఎక్కడున్నా అదే నీలంగా మారి దుకాణానికి దారి చూపిస్తుంది. ఎవరైనా దానిమీద నొక్కి కొంటే మనకి వాటా. నేను 'సంచి' అన్న మాట ఇచ్చాను. ఒక కంపెనీ వాళ్ళ సంచులు చవక, వాటా ఎక్కువ.

ఇప్పుడు బ్లాగంతా నీలం మచ్చలు. "రేషన్ బియ్యం సంచి మోయకూడదన్నారు డాక్టరు" అని ఎప్పుడో రాశాను. అక్కడ సంచి కూడా నీలమే. నవ్వొచ్చింది. వదిలేశాను.

జూలై 14

మంచి డబ్బే వచ్చింది. కరిమీను చేప కొని, మసాలా పట్టించి, అరిటాకులో చుట్టి పెనం మీద కాల్చాను. డేవిసేట్టన్ ముళ్ళు కూడా చప్పరించారు.

"బాగుందా?"

"బాగుంది."

"నా డబ్బుతో కొన్నది."

"మంచిదే," అన్నారు. అంతకంటే ఏమీ అడగలేదు. ఆయన బ్లాగు చదవరు. చదవమని నేనూ అనలేదు.

జూలై 18

డబ్బుల పేజీ రోజుకి ఒక్కసారే చూస్తున్నాను.

జూలై 19

రెండుసార్లు.

జూలై 24

పొన్నాని నుంచి ఖదీజుమ్మ గొంతు సందేశం పంపింది. ఆవిడకి చదువు రాదు, కోడలు చదివి వినిపిస్తుంది. మొదటినుంచీ నా బ్లాగు వింటోంది. ఎప్పుడూ దీవెనలతో మొదలుపెట్టి దీవెనలతో ముగిస్తుంది. ఈసారి మధ్యలో, కూతుర్ని పిలిచినట్టు పిలిచి, చిన్నగా చెప్పింది.

"మోళే, నీ దగ్గర నీలంగా ఉన్నదాన్ని నొక్కి ఆ సంచులు తెప్పించాం. మరి నాకే పడలేదో ఏమో, చుట్టూ తోలు ఊడిపోయింది. మంట. కూర్చోలేను, పడుకోలేను. నిన్ను అనడం లేదు. నీకు తెలిసుంటే చెప్పేదానివే కదా. వేరే ఏది వాడమంటావు?"

జూలై 25

నా తప్పు కాదు. ఆ సంచి కొనమని నేనెక్కడా రాయలేదు. ఒక్క వాక్యం కూడా రాయలేదు. ప్లగిన్ చేసింది.

జూలై 26

నా తప్పు కాదు.

జూలై 27

ఈ నెల డబ్బు చూశాను. చూసి మూసేశాను.

జూలై 28

పొన్నాని వెళ్ళొచ్చాను. రైల్లో కుట్టిప్పురం, అక్కణ్ణించి బస్సు. నా సంచులు కొన్ని, పొడి, అతుకు తీసే నూనె బ్యాగులో పెట్టుకున్నాను. డేవిసేట్టన్‌తో చీరల కోసం వెళ్తున్నానని చెప్పాను. ఆయన నమ్మలేదు, అడగలేదు.

ఖదీజుమ్మ ఇల్లు రేవుకి దగ్గర. ఎండుచేపల వాసన గుమ్మం దాకా. ఆవిడ ఇంత సన్నగా ఉంటుందనుకోలేదు. గొంతు చాలా పెద్దది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది.

"నువ్వేనా ఎర్రమొగ్గ? ఇంత పొడుగున్నావేంటి?"

"చీరల షాపులో పనిచేశానుమ్మా. పొడుగ్గా ఉంటేనే తీసుకుంటారు."

కోడలు తలుపేసింది. సంచి తీసి చూస్తే పుండు. ఎర్రటి పచ్చి పుండు, అరచేతి మేర. ఆ కంపెనీ అతుకు ఒకపక్క బంకలా కరిగిపోయి, ఇంకోపక్క తోలుతో సహా ఊడొచ్చింది. కారినదంతా పచ్చి తోలు మీదే. నేను రోజూ నా ఒళ్ళు చూసుకునేదాన్నే, అయినా తల తిప్పుకున్నాను. తర్వాత బలవంతంగా చూశాను. చూడాలి కదా.

కడిగి, ఆరబెట్టి, పొడి చల్లి, కొలతకి సరిగ్గా కత్తిరించి నా సంచి తగిలించాను. ఆవిడ నా భుజం పట్టుకుని కళ్ళు మూసుకుంది. అరవలేదు. పని అయ్యాక పెద్దగా ఊపిరి వదిలి, "ఇప్పుడు పత్తిరి తిను," అంది.

బియ్యప్పిండి రొట్టెల మీద కొబ్బరిపాలు పోసిన పత్తిరి, కోడికూర. ఇద్దరం తిన్నాం. తింటూ చెప్పేశాను. "ఉమ్మా, అది నేను రాసింది కాదు. మాట దానంతటదే నీలంగా మారుతుంది. మీరు కొంటే నాకు డబ్బొస్తుంది. మీరు కొన్నదానికీ వచ్చింది."

ఆవిడ తినడం ఆపలేదు.

"నాకేం తెలుసు మోళే. నీ ఇంట్లో వినిపించేదంతా నీ గొంతే అనుకున్నాను. నీకు నోరుంది కదా, ఇంకొకళ్ళని ఎందుకు మాట్లాడనిస్తావు?"

కోపంగా అని ఉంటే తిరిగి అనేదాన్ని. అలా అనలేదు.

వచ్చేటప్పుడు ఎండుచేపలు కట్టిచ్చింది. డేవిసేట్టన్ మూట వాసన చూసి, "చీరలు ఏ షాపులో కొన్నావ్?" అన్నారు.

జూలై 29

నీలం ప్లగిన్ పీకేశాను. ఒక్కొక్క టపా తెరిచి, ఒక్క మచ్చ కూడా మిగల్లేదని చూసుకున్నాను. తర్వాత జరిగిందంతా రాసి పెట్టాను. ఖదీజుమ్మ ఒప్పుకుంటే, కోడలు పంపిన పుండు ఫోటో కూడా పెట్టాను. "మొహం వద్దు, పుండు పెట్టు. మొహం చూస్తే జాలిపడతారు, పుండు చూస్తే జాగ్రత్తపడతారు," అంది.

ఏ కంపెనీవో కూడా రాశాను. ఆ సంచుల మీద వచ్చిన డబ్బంతా ఖదీజుమ్మకి మంచి సంచులు కొని పంపాను. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. హాయిగా ఉంది. హాయిగా ఉందనే అనుకుంటున్నాను.

ఆగస్టు 5

కంపెనీ మనిషి ఫోన్. పేరు ప్రమోద్ అన్నాడు. తేనె కారే గొంతు.

"మేడమ్, మీ బ్లాగంటే మా ఆఫీసులో అందరికీ అభిమానం. ఆ టపా ఒక్కటి తీసేసి, మా సంచి గురించి నెలకి రెండు మంచి మాటలు రాస్తే చాలు. మీ షోరూము జీతానికి రెట్టింపు ఇస్తాం."

నేను షోరూములో పనిచేశానని వీడికెలా తెలుసు?

"ఒక పని చేయండి ప్రమోద్ గారూ," అన్నాను. "మీ సంచి మీ పొట్టకి అతికించుకుని ఒక వారం బస్సుల్లో తిరగండి. పీకినప్పుడు తోలు ఎలా ఉందో ఫోటో పంపండి. చూసి రాస్తాను."

తేనె ఆగిపోయింది. "మీరెవరో, ఎక్కడుంటారో, మీ ఇంట్లో ఏం వ్యాపారం చేస్తారో మాకు తెలుసు మేడమ్. ఆలోచించుకోండి."

ఆలోచించాను. పొట్ట చేత్తో పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. టపా తీయలేదు.

ఆగస్టు 9

ఎవరో పేరులేనివాళ్ళు బ్లాగులో వ్యాఖ్య పెట్టారు. "ఈమె ఒల్లూరులో కేటరింగ్ లోనప్పన్ తమ్ముడి భార్య. పేరు రోసిలి. ఆ ఇంటి వంట తిన్నవాళ్ళు ఒకసారి ఆలోచించుకోండి." ఎవరు పెట్టారో నేను నిరూపించలేను. తుడిచేసేలోపే ఎవరో ఫోటో తీసి చర్చి వాట్సాప్ గుంపులో పెట్టారు.

మధ్యాహ్నానికి పెద్ద చేట్టన్ మేడ మీద ఉన్నాడు. వెనకే అమ్మచ్చి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ. డేవిసేట్టన్ అప్పుడే వ్యాను కడిగి వచ్చారు, చేతులింకా తడిగానే ఉన్నాయి.

"ఇదేం పనే? పొట్ట విప్పి బజార్లో పెడతావా?" అన్నాడు పెద్ద చేట్టన్.

"పొట్ట పెట్టలేదు. మాటలు పెట్టాను."

"మాటలా! చదివితే నాకే అన్నం దిగడం లేదు. వచ్చే ఆదివారం మన చర్చి ఆంటో కొడుకు జ్ఞానస్నానానికి మూడొందల మందికి భోజనాలు. వాళ్ళావిడ ఫోన్ చేసి అడుగుతోంది, మీ రోసిలి చెయ్యి పడుతుందా అని."

"పడదని చెప్పండి. నిజమే కదా. ఏడాదిన్నరగా మీ వంటశాల గడప తొక్కనిచ్చారా? ఆ చెయ్యి ఎంత శుభ్రమో మాత్రం మీకు తెలుసు. రోజుకి ఎన్నిసార్లు సబ్బుతో కడుగుతానో నన్నడగండి, మీ వంటవాళ్ళెన్నిసార్లు కడుగుతారో వాళ్ళని అడగండి."

అమ్మచ్చి గోడకి ఆనుకుని, "అబ్బబ్బ, ఊరుకోవే. పెద్దాడితో ఆ మాటలేంటి," అంది. ఆవిడ గొంతులో కోపం కంటే ఆయాసమే ఎక్కువ.

పెద్ద చేట్టన్ నాతో మాట్లాడటం మానేసి తమ్ముడి వైపు తిరిగాడు. "చూడరా. బ్లాగో గీగో, అది ఈరోజే మూసేయాలి. లేకపోతే పైగదులు ఖాళీ చేయాలి. నా నోటితో ఇంకోసారి చెప్పించొద్దు."

డేవిసేట్టన్ తడి చేతులు లుంగీకి తుడుచుకున్నారు. ఒకవైపు తుడిచి, రెండోవైపు తుడిచి, మళ్ళీ మొదటివైపు.

అందరూ దిగాక, "కొన్నాళ్ళు మూసెయ్ రోసీ. గొడవ చల్లారాక మళ్ళీ తెరుద్దువు," అన్నారు.

"షోరూము వాళ్ళు కూడా అదే అన్నారు. కోలుకున్నాక రమ్మన్నారు."

ఆయన వ్యాను తాళంచెవి తీసుకుని కిందికి దిగారు.

ఆగస్టు 10

పేరు బయటపడింది కదా, ఇక ఎవరో ఎందుకు చెప్పాలి? నేనే చెబుతాను. బ్లాగు పైన నా పేరు పెట్టాను. రోసిలి డేవిస్, ఒల్లూరు. ఫోటో కూడా పెట్టాను. పోయినేడాది ఈస్టర్‌కి కట్టుకున్న పచ్చచీర, పొట్ట మీద కొంచెం ఎత్తు తెలుస్తూనే ఉంది. ముందైతే ఆ ఫోటో తీసేసేదాన్ని.

కింద ఒకే వాక్యం రాశాను. "ఆ పేరులేని పెద్దమనిషి ఇంటిపేరు రాయడం మర్చిపోయాడు, అందుకే నేనే మొత్తం రాస్తున్నాను."

ఆగస్టు 13

ఆంటో వాళ్ళు భోజనాలు వేరే కేటరింగుకి ఇచ్చేశారు. కింద ఎవరూ మాట్లాడటం లేదు. నాకు జాలి వేయలేదు. ఉల్లిపాయలు కోసే పిల్లలకి ఆ రోజు కూలి లేదు. అది మాత్రం తలుచుకున్నాను.

ఆగస్టు 17

ఇల్లు దొరికింది. రైలు గేటు అవతల, మూసేసిన దర్జీ కొట్టు, వెనక ఒక గది. ఓనరు కదీసా అనే ముసలావిడ, చెవుడు. "నాకు సంచి ఉంది," అని గట్టిగా అరిచి చెప్పాను. "ఎన్ని సంచులైనా పెట్టుకో, గదిలో చోటుంది," అంది.

సామాను నేనే సర్దాను. డేవిసేట్టన్ సర్దలేదు. మంచం మీద కూర్చుని ఉన్నారు. కుట్టు మిషను ఎత్తబోతే మాత్రం లేచి, "బరువెత్తకూడదన్నారు కదా. కిందిదాకా నేను దింపుతా," అన్నారు.

కిందిదాకా దింపారు. తర్వాత, "ఆటోలో ఎలా ఎక్కిస్తావు," అని ఎక్కించారు. తర్వాత మిషను జారకుండా పట్టుకోవాలని ఆటోలో కూర్చున్నారు. కొత్త ఇంట్లో దించాక, బెల్టు వదులైందని బిగించారు. నూనె వేశారు. బల్బు పెట్టారు.

"పొద్దుపోయింది. రేపు వెళ్తా," అన్నారు.

"సరే."

ఆగస్టు 18

వెళ్ళలేదు.

ఆగస్టు 22

ఇంకా వెళ్ళలేదు. ఐసు మోసే బండి మీద డ్రైవరుగా కుదిరారు. నాకు చెప్పకుండానే. వ్యాను తాళంచెవి తీసుకెళ్ళి అన్న చేతికి ఇచ్చొచ్చారట. "ఏమన్నాడు?" అంటే, "ఏం అనలేదు. తాళంచెవి తీసుకున్నాడు," అన్నారు. ఆయన మొహం బాగాలేదు. నేను ఎక్కువ అడగలేదు.

సెప్టెంబర్ 2

దుకాణం ప్లగిన్ తగిలించాను. ఇది అన్నిటికంటే మొండిది. డబ్బు కట్టించుకునే భాగం ఒకటి, పార్సిలు ఖర్చు లెక్క వేసేది ఒకటి, రెండూ ఒకదాన్నొకటి తన్నుకున్నాయి. కొత్తది పీకి పాతది పెడితే సర్దుకుంది. ఇందులో నాది కాని మాట ఒక్కటీ లేదు. నా చేత్తో కుట్టినవే అమ్ముతాను. సంచిని పట్టి ఉంచే నడుము బెల్టులు, సంచికి తొడిగే గుడ్డ తొడుగులు. చీరల షాపులో అన్నేళ్ళున్నాను, ఏ గుడ్డ చెమటని పీలుస్తుందో, ఏది ఒరుసుకుంటుందో నాకు తెలుసు.

సెప్టెంబర్ 11

మొదటి ఆర్డరు కువైట్ నుంచి. రెండోది పాలక్కాడు. వేరు గురించి అడిగినాయనే. "నాన్నకి ఆపరేషనైంది చేచీ. తన్నడానికి రానక్కర్లేదు. రెండు బెల్టులు పంపండి."

సెప్టెంబర్ 19

ఓణం అయిపోయింది. ఈసారి ఎవరూ పిలవలేదు. మేమే పాయసం చేసుకున్నాం, కదీసా చేచికి ఇచ్చాం. నా చేత్తోనే చేశాను. లొట్టలేసుకుంటూ తాగి ఇంకా అడిగింది.

చందా ప్లగిన్ కూడా పెట్టాను. చదవడం ఎప్పటికీ ఉచితం, దానికి తాళం వేయను. ఇష్టమున్నవాళ్ళు నెలకి ఒక మీల్స్ ఖరీదు ఇస్తే, ఆదివారాలు వాళ్ళ ప్రశ్నలకి సిస్టర్ జాన్సి ఫోన్లో అందరూ వినేలా జవాబు చెబుతుంది. జాన్సికి వాటా ఇస్తానంటే, "పిచ్చా?" అంది. పిచ్చే, ఇచ్చి తీరతానన్నాను. ఖదీజుమ్మ అందరికంటే ముందు చందా కట్టింది. ఆవిడకి ప్రశ్నలేం లేవు. అందరి ప్రశ్నలూ విని నవ్వుకుంటుందట.

షోరూము జీతంలో సగం వస్తోంది. సగమే.

అక్టోబర్ 6

బెల్టులు అడిగేవాళ్ళందరిదీ ఒకటే మాట. "దిండుకి కట్టిన ఫోటో ఎందుకు చేచీ? మనిషికి కడితే ఎలా ఉంటుందో చూపించండి." కొనేముందు ఒంటి మీద చూడాలనుకోవడం న్యాయమే. చీరకైనా అంతే కదా.

వేరే ఎవరినైనా అడుగుదామా? ఎవరు ఒప్పుకుంటారు?

అక్టోబర్ 7

ఫోన్ని బియ్యం డబ్బా మీద నిలబెట్టి, నేను ఎదురుగా నిలబడ్డాను. నడుము వస్తే తల రాలేదు, తల వస్తే నడుము రాలేదు. తర్వాత ఫోన్ డబ్బా వెనక్కి పడింది.

అక్టోబర్ 8

ఇది నెమ్మదిగా రాయాలి.

ఆపరేషనైన దగ్గర్నుంచి నేను సంచి మార్చేటప్పుడు డేవిసేట్టన్ గదిలో ఉండరు. సబ్బుడబ్బా చప్పుడైతే చాలు, బయటికెళ్ళి బీడీ ముట్టిస్తారు. చీకట్లో కూడా ఆయన చెయ్యి నా భుజం దాటి కిందికి రాలేదు. నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరికీ అదే సుఖమని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఇవాళ ఆయనకి సెలవు. ఎండ బాగా ఉంది. ఫోటోలో కొత్త సంచి ఉండాలని, కిటికీ దగ్గర పాతది తీసి తుడుచుకుంటున్నాను. తలుపు గడియ వేశాననుకున్నాను. ఆయన లోపలికొచ్చి నిలబడిపోయారు. నేను తువ్వాలు కోసం చూశాను. అది మంచం మీద ఉంది, అందలేదు.

ఆయన వెళ్ళలేదు.

"ఫోన్ ఇటివ్వు," అన్నారు. "ఎప్పటిదాకా ఆ డబ్బాతో కుస్తీ పడతావ్?"

"ముందు సంచి పెట్టుకోనివ్వండి."

"పెట్టుకో." అక్కడే నిలబడ్డారు. చూస్తున్నారు. కొలత తప్పి రెండుసార్లు అతికించాను.

"నిజంగానే మొగ్గలా ఉందే," అన్నారు.

"మీకెవరు చెప్పారు?"

"నువ్వే రాశావుగా. మొదటి టపాలో."

"మీరు చదవరు కదా!"

"బండిలో చదువుతా. గేటు పడ్డప్పుడు." ఆయన ఫోన్ వైపు చూస్తూ మాట్లాడారు. "చర్చిలో పొట్ట కూసిందని రాశావు చూడు, ఆరోజు నేను దగ్గినట్టు నటించాను. అది నువ్వు రాయలేదు."

నాకు తెలీదు. నిజంగానే దగ్గొచ్చిందనుకున్నాను.

"ముట్టుకుంటే నొప్పా?"

"దానికి నొప్పి తెలీదు. స్పర్శ ఉండదు."

"మరి నీకు?"

"నాకు ఉంది," అన్నాను.

గేటు దగ్గర రైలు పోయింది. తర్వాత ఆయన ముక్కు ఎగబీల్చి, "ఇటు తిరుగు. వెలుతురు రావడం లేదు," అన్నారు. చాలా ఫోటోలు తీశారు. పెళ్ళి ఫోటోగ్రాఫరులా గడ్డం ఎత్తమన్నారు. గడ్డంతో పనేముందంటే, "తల లేని ఫోటో పెడితే నువ్వు దాక్కున్నట్టుంటుంది," అన్నారు.

అక్టోబర్ 10

ఫోటో పెట్టాను. కుర్తా పైకెత్తి, బెల్టు కట్టుకుని, తలతో సహా.

అక్టోబర్ 11

కొందరు ఛీ అన్నారు. ఒకడు అనరాని మాట అన్నాడు, తుడిచేశాను. ఆర్డర్లు మిషను తొక్కే వేగం కంటే తొందరగా వస్తున్నాయి. కదీసా చేచి గుడ్డ కత్తిరించిపెడుతోంది, కూలి ముందే మాట్లాడుకుని. కాసరగోడు నుంచి ఒక పెళ్ళికూతురు రాసింది, "చేచీ, బెల్టు కెంపురంగులో కావాలి. నా చీర అదే."

అక్టోబర్ 12

పొద్దున చర్చి నుంచి రాగానే డేవిసేట్టన్ ఫోన్ మోగింది. ఆయన చేతులకి మిషను నూనె, అందుకని స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టారు. పెద్ద చేట్టన్ గొంతు. తాళంచెవి తీసుకున్నాక ఇదే మొదటిసారి.

"ఏరా, బతికే ఉన్నావా? నీ పెళ్ళాం పొట్ట లోకమంతా చూస్తోంది. చర్చి మెట్ల మీద నిలబడి ఫోన్లలో చూపించుకుంటున్నారు. సిగ్గుతో నేను పక్కగుమ్మంలోంచి వచ్చేశాను. ఇది నీకు తెలిసే జరుగుతోందా?"

నేను కుడుతున్నదాన్ని ఆపేశాను. డేవిసేట్టన్ గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నారు. ఒకసారే తుడుచుకుని గుడ్డ పక్కన పడేశారు.

"తెలుసు చేట్టా," అన్నారు. "ఫోటో తీసింది నేనే."

అవతల వంటశాలలో గిన్నెలు చప్పుడవుతున్నాయి.

"ఇంకోటి కూడా తీశాను. అది ఇంకా బాగా వచ్చింది."

అక్టోబర్ 13

రెండో ఫోటో కూడా పెట్టాం.